జోయీ సంగతి

పోయిన సంక్రాంతికి నడిగూడెం వెళ్ళినప్పుడు జేమ్స్ బాల్డ్విన్ రాసిన 'జొవానీస్ రూమ్' రెండోసారి చదివాను. మొదటిసారి చదివింది ఉద్యోగంలో చేరిన కొత్తలో, కంపెనీ బస్సులో గచ్చిబౌలికి పోతూ వస్తూ. అప్పుడు నచ్చలేదు. గుడ్‌రీడ్స్‌లో రెండు చుక్కలిచ్చి పక్కన పడేశాను. పెద్ద కారణమేం లేదు, కథ చెప్పే డేవిడ్ నాకు నచ్చలేదు. ప్రేమించినవాణ్ణి నట్టేట్లో వదిలేసి, పెళ్ళాడతానన్న అమ్మాయినీ మోసం చేసి, ఆఖర్న ఒక ఖాళీ ఇంట్లో కిటికీ ముందు నిలబడి తాగుతూ బాధపడే మనిషి. చేసిందంతా చేసి ఇప్పుడు ఏడిస్తే ఎట్లా, అనుకున్నట్టు గుర్తు.

ఈసారి చదువుతుంటే మధ్యలో ఒక ఫోను వచ్చింది. ఆ ఫోను గురించి చెప్పకుండా ఈ నవల గురించి రాయలేను గానీ, ముందు నవల సంగతి.

1956లో వచ్చిన పుస్తకం ఇది. అప్పటికి బాల్డ్విన్‌కు 32 ఏళ్ళు. మొదటి నవలతో నల్లజాతి రచయితగా పేరొచ్చింది. రెండో నవలలో నల్లవాళ్ళే లేరు. పారిస్‌లో ఇద్దరు తెల్ల మగవాళ్ళ ప్రేమ. మొదటి నవల వేసిన క్నాఫ్ వాళ్ళు దీన్ని వద్దన్నారు. చివరికి అమెరికాలో డయల్ ప్రెస్ వేసింది. డేవిడ్ అమెరికన్, చేతిలో డబ్బులుండవు, పెళ్ళి గురించి ఆలోచించుకోవడానికి హెల్లా అనే అమ్మాయి స్పెయిన్ వెళ్ళి ఉంటుంది. ఆ గ్యాపులో ఒక బారులో పనిచేసే జొవానీ అనే ఇటలీ కుర్రాడు పరిచయమవుతాడు. ఊరి చివర జొవానీ గదిలో ఇద్దరూ కలిసి ఉంటారు. చెత్త నిండిన గది, కిటికీ అద్దాలకు పరదాల బదులు తెల్లటి పాలిష్ పూసి ఉంటుంది. హెల్లా తిరిగి రాగానే డేవిడ్ ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోతాడు. ఉద్యోగం పోయి, మనిషి పోయి, జొవానీ దిగజారి దిగజారి పాత యజమానిని చంపేస్తాడు. అతని తల నరకబోయే ముందురాత్రి డేవిడ్ చెప్పుకునే కథ ఇదంతా.

జొవానీ కూడా బుద్ధుడేం కాదు. ఇటలీలో తన ఊళ్ళో బిడ్డ చచ్చి పుడితే శిలువ మీద ఉమ్మేసి, ఆ బిడ్డ తల్లిని అక్కడే వదిలేసి వచ్చినవాడు. ఆడవాళ్ళ గురించి మాట్లాడే మాటలు వింటే చెంప మీద కొట్టాలనిపిస్తుంది. ఇట్లాంటి ఇద్దరి ప్రేమకథ.

ప్రేమకథలో ప్రేమికులు మంచివాళ్ళయి ఉండాలా? ఆడా మగా కథల్లో ఈ ప్రశ్నకు తెలుగువాళ్ళం ఎప్పుడో జవాబు చెప్పేశాం. చలం 'మైదానం'లో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. వాళ్ళిద్దర్లో ఎవరికీ గుణగణాల సర్టిఫికెట్ ఇవ్వలేం, అయినా వందేళ్ళుగా చదువుతూనే ఉన్నాం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' దయానిధి సంగతి చూడండి. తల్లికి ఊళ్ళో వచ్చిన పేరు నీడలా వెంటాడుతుంటే, ఆ బరువు మోస్తూ కోమలి దగ్గరికి, అమృతం దగ్గరికి తిరుగుతాడు. పెళ్ళి చేసుకునేది మాత్రం ఇందిరని. ఆ పెళ్ళిలో ఇందిరకు ఏం దక్కిందని అడిగిన వ్యాసాలు నేను చదివినవాటిలో తక్కువ. 'ఆడవాళ్ళను ప్రేమించే మగవాళ్ళంతా ఇంతే' అని దయానిధిని చూపించి అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. దయానిధి దయానిధే. వాడి లోపాలు వాడివి.

అదే లోపాలు డేవిడ్‌కుంటే ఏమంటాం? 'వీళ్ళంతా ఇంతే' అని ఒకరు. 'ఇట్లాంటి నవలలు రాస్తే వీళ్ళంతా ఇంతే అనుకుంటారు, రాయకూడదు' అని ఇంకొకరు. రెండో ఆయన మంచివాడు, మేలు కోరేవాడే. కానీ ఇద్దరూ ఒక్క డేవిడ్‌ను చూసి అందరికీ లెక్క కడుతున్నారు.

మన సినిమాల్లో చాలాకాలం ఈ పాత్ర కామెడీకి పనికొచ్చింది: చెయ్యి తిప్పుతూ నడిచేవాడు, హీరో స్నేహితుడి మీద పడేవాడు. ఈ మధ్య కథల్లో, వెబ్ సిరీసుల్లో కొంచెం మర్యాద వచ్చింది. వచ్చి ఏమైందంటే, ఆ పాత్ర ఇప్పుడు అబద్ధం ఆడదు, అసూయ పడదు, అద్దె ఎగ్గొట్టదు. బాధ పడుతుంది, అర్థం చేసుకుంటుంది, మనతో కన్నీళ్ళు పెట్టిస్తుంది. ఎగతాళి కంటే ఇది నయమే, కాదనను. కానీ మంచివాడు కాబట్టి జాలి చూపించాం అంటే, కాకపోయి ఉంటే చూపించమనే కదా అర్థం.

కోర్టుకు ఈ మంచితనం అవసరం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 377 సెక్షన్‌ను ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా చేసినప్పుడు దాని వెనక ఉన్న పిటిషనర్లలో నాట్యకళాకారుడు, హోటల్ వ్యాపారి, ఐఐటీల్లో చదివినవాళ్ళు ఉన్నారు. తర్వాత పెళ్ళి హక్కు కేసు మన హైదరాబాద్ నుంచే వెళ్ళింది. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఏళ్ళ తరబడి కలిసి ఉండి, 2021 డిసెంబరులో అయినవాళ్ళ మధ్య పెళ్ళి వేడుక చేసుకుని, తర్వాత కోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 17న తీర్పు వాళ్ళకు అనుకూలంగా రాలేదు గానీ ఆ కేసును ఇప్పటికీ సుప్రియో పేరుతోనే పిలుస్తారు. తగాదా పడి విడిపోయిన జంటో, పెళ్ళాం ఉండగా ఇంకొకతనితో ఉంటున్న మనిషో పిటిషన్ వేస్తే ఏ వకీలు తీసుకుంటాడు? మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని హ్యాపీ పాత్ అంటాం. యూజరు అన్నీ సరిగ్గా కొడితే ప్రోగ్రాం పనిచేస్తోందా లేదా అని ముందు చూస్తాం. డెమోకు అది చాలు. కానీ ఏ టెస్టరూ అక్కడితో ఇంటికి పోడు. తప్పు కొట్టినవాడికి కూడా ప్రోగ్రాం కుప్పకూలకుండా పనిచెయ్యాలి.

ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' 1913-14లోనే రాశాడు. తన ప్రేమికులకు సుఖాంతం ఇచ్చి తీరాలని పట్టుబట్టి ఇచ్చాడు. ఆ సుఖాంతం వల్లే అది బతికుండగా బయటికి రాలేదు. ఆయన 1970లో పోతే నవల 1971లో వచ్చింది. ఉరితాడుతో ముగించి ఉంటే అచ్చేయడం తేలికయ్యేదన్న అర్థంలో ఆయనే రాసుకున్నాడు. బాల్డ్విన్ కథ గిలెటిన్‌తో ముగుస్తుంది. అంటే లోకానికి కావాల్సిన ముగింపే ఇచ్చాడా? మొదటిసారి నేనూ అట్లాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవట్లేదు. జొవానీని చంపేది డేవిడ్ మగవాణ్ణి ప్రేమించడం కాదు, ప్రేమించి కూడా లేదన్నట్టు నడుచుకోవడం.

మనవాళ్ళూ రాశారు, అయితే ఇంగ్లీషులో. హోషంగ్ మర్చంట్ యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ 1999లో 'యారానా' అని భారతీయ గే రచనల సంకలనం తెచ్చాడు. ఆ యూనివర్సిటీ గేటు మా కంపెనీ బస్సు దారిలోనే. రోజూ దాని ముందునుంచి బాల్డ్విన్ పట్టుకుని పోయాను, లోపల అట్లాంటి మనిషున్నాడని తెలీదు. ఆర్. రాజ్ రావు 'ద బాయ్‌ఫ్రెండ్' 2003లో వచ్చింది. నలభైల్లో ఉన్న యూడి అనే జర్నలిస్టు, మిలింద్ అనే దళిత కుర్రాడు, బొంబాయి. యూడికి ఇంగ్లీషుంది, ఫ్లాటుంది, కులముంది. మిలింద్‌ను ప్రేమిస్తాడు, వాడుకుంటాడు కూడా, రెండింటి మధ్య గీత ఎక్కడో వాడికే తెలీదు. తను లోకం దృష్టిలో తక్కువవాడు కాబట్టి మిలింద్ లాంటివాడేనని యూడి నమ్మకం. కాదని మనకు తెలుస్తూనే ఉంటుంది. ఒక రకంగా దెబ్బ తిన్నవాడు ఇంకో రకంగా దెబ్బ కొట్టగలడన్నది ఆ నవల మొహమాటం లేకుండా చూపిస్తుంది. రచయిత కావాలనుకుంటే యూడిని మంచివాణ్ణి చెయ్యగలిగేవాడే, చెయ్యలేదు.

తెలుగులో ఇంత నిర్దయగా రాసిన గే నవల నాకు కనపడలేదు. ఒక కారణం మాటలు కూడా కావచ్చు. మన పేపర్లలో వాడే 'స్వలింగ సంపర్కులు' అన్న మాటలో సంపర్కం ఉంది గానీ, సినిమాకెళ్ళి గొడవపడి రెండు రోజులు మాట్లాడుకోకపోవడం లేదు. ఇక హాస్టల్లో మేం వాడిన మాట ఒక్కటే: తేడా. ఫలానావాడు తేడా రా.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. స్నేహితుణ్ణి అడిగే రాస్తున్నాను. ఊరు, కాలేజీ పేర్లు వద్దన్నాడు.

ఇంజనీరింగ్ రెండో ఏడు వాడు నాకు చెప్పాడు. రాత్రి హాస్టల్ మేడ మీద, కరెంటు పోయినప్పుడు. ఇంకో కాలేజీలో ఒక అబ్బాయి ఉన్నాడని. నేను పెద్దగా ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేశాననుకుంటా. అప్పటికి నేను మంచివాణ్ణే. మూడో ఏడు ఎవడో వాడి నోకియా ఫోను తీసి మెసేజీలు గట్టిగా చదివాడు. గది నిండా జనం, వాడు మంచం మీద తల వంచుకుని ఉన్నాడు. ఒకడు నా వైపు తిరిగి, "మామా, నీ రూమ్మేటే గదా, నీకు తెల్సా?" అన్నాడు.

"ఏమో రా, నాకూ డౌటే ఉండె," అన్నాను. అని నవ్వాను. అందరూ నవ్వారు.

వాడు వారంలో గది మారాడు. ఆఖరి ఏడు మళ్ళీ మాట్లాడుకున్నాం, ఆ రోజు సంగతి ఎత్తకుండా. ఉద్యోగాలొచ్చాయి. 2014లో వాడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి ముందురాత్రి నన్ను పక్కకు తీసుకెళ్ళి, "భయమైతుంది రా," అన్నాడు. దేనికని నేను అడగలేదు. "అన్నీ సర్దుకుంటయ్ రా," అన్నాను. మర్నాడు అక్షింతలు వేసి, భోంచేసి, కవరు చేతిలో పెట్టి బస్సెక్కాను.

ఏమీ సర్దుకోలేదు. ఏళ్ళు గడిచాక పోయినేడు వాడే భార్యకు చెప్పాడు. ఆ విషయం తెలిసి నాకు వాడి మీద కోపం వచ్చింది. ఆ అమ్మాయి ఏం పాపం చేసింది? పెళ్ళికి ముందే చెప్పొచ్చు కదా, చేసుకోకపోతే ఏమయ్యేది? ఇట్లా చాలా మాటలు లోపల అనుకున్నాను. మొదటిసారి డేవిడ్ మీద వచ్చిన కోపమే. నేను ఎక్కువమంది సరసన నిలబడి ఉన్నప్పుడు వచ్చే కోపం.

పండగ రోజుల్లో నడిగూడెంలో వచ్చిన ఫోను ఆ అమ్మాయి అన్నది. నంబరు ఎవరిచ్చారో తెలీదు. మర్యాదగానే మొదలుపెట్టాడు. "మీరు వాళ్ళ ఫ్రెండు గదండీ. మీకు ముందే తెల్సా?"

అదే ప్రశ్న. ఈసారి నవ్వడానికి గదిలో ఎవరూ లేరు. కొంచెం సేపు ఊరుకుని, తెలుసన్నాను.

"తెల్సుండి మా చెల్లె పెండ్లిల అన్నం తిని పోయినవ్," అని పెట్టేశాడు.

ఆ రాత్రి నవల మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. మొదటిసారి నేను దాదాపు దాటేసిన నాలుగైదు పేజీలున్నాయి. పారిస్‌కు చాలా ముందు, కుర్రతనంలో, డేవిడ్‌కు జోయీ అనే స్నేహితుడుంటాడు. ఒక రాత్రి ఇద్దరూ దగ్గరవుతారు. డేవిడ్‌కు జీవితంలో అంత సంతోషం అంతకు ముందు లేదు. తెల్లారి జోయీ నిద్రపోతుంటే చూసి భయపడి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత జోయీతో మాట్లాడడు. మొరటు గుంపు ఒకదానితో చేరి వాణ్ణి ఏడిపిస్తాడు. వాడు బాధపడేకొద్దీ ఇంకా ఏడిపిస్తాడు. కొన్నాళ్ళకు జోయీ వాళ్ళు ఇల్లు మారిపోతారు.

విమర్శకులు ఈ పేజీల్ని డేవిడ్ 'గతం' కింద లెక్క రాస్తారు. తల్లి ఐదేళ్ళప్పుడు చచ్చిపోయింది, తండ్రి తాగుబోతు, జోయీతో ఆ రాత్రి, అందుకే డేవిడ్ ఇట్లా అయ్యాడు అని. కష్టమైన గతం ఉన్న పాత్ర. నిజమే. కానీ జోయీ వైపునుంచి చూస్తే, ఆ కష్టమైన గతం పేరు డేవిడ్. ఎక్కడో ఇంకో ఊళ్ళో పెరిగి పెద్దయిన జోయీ ఎవర్ని నమ్మలేకపోయాడో, ఎవర్ని మోసం చేశాడో, ఎవరితో పెళ్ళికి సరేనన్నాడో మనకు తెలీదు. ఒకవేళ అతని మీద నవల వచ్చి ఉంటే అందులో డేవిడ్ ఒక పేరాలో వచ్చి పోయే కుర్రాడు, అంతే.

నా స్నేహితుడి కథలో ఆ పేరాలో ఉన్నది నేను. వాడు ఆ అమ్మాయికి చేసింది తప్పు కాదని నేను అనను. వాడూ అనట్లేదు. వాడి తండ్రి భయం, కులపెద్దల ఒత్తిడి, హాస్టల్ గది అన్నీ కలిపి కూడా ఆమె పోగొట్టుకున్న ఏళ్ళకు సమాధానం కావు. గతం ఎందుకు చేశాడో చెబుతుంది, ఎవరు కట్టాలో చెప్పదు. కట్టింది ఆమె. నవల్లోనూ హెల్లానే కట్టింది. ఓడెక్కి అమెరికా వెళ్ళిపోయింది, కథ ఆమె వెనక పోదు. నాకు ఈసారి నవలతో ఉన్న పేచీ అక్కడే. డేవిడ్ తప్పుల్ని బాల్డ్విన్ దాచలేదు గానీ, చెప్పే గొంతు మాత్రం మొత్తం డేవిడ్‌కే ఇచ్చాడు. బాగా మాట్లాడగలిగినవాడి పశ్చాత్తాపం వింటుంటే మనకు తెలీకుండానే వాడి పక్షం వెళ్ళిపోతాం. నేనిప్పుడు ఈ వ్యాసంలో చేస్తున్నది కూడా అదేనేమో.

అయినా ఈ నవల మంచివాళ్ళ గురించి అయి ఉంటే నాకు ఏం పనికొచ్చేది? మంచి డేవిడ్, మంచి జొవానీ, చెడ్డ లోకం. చదివి, లోకం చెడ్డది అని నేను కూడా ఆ లోకంలో లేనట్టే తల ఊపి పడుకునేవాణ్ణి.

మా ఊరికి పుస్తకాలతో పాత సంబంధం ఉంది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఉన్న ఊరు, కోట ఇప్పటికీ ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దగ్గరే దివానుగా చేశారు. ఇద్దరూ పూనుకున్నవాళ్ళలో ఉండబట్టి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వచ్చాయి. ఆ మండలి వేసిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. గొప్పవాళ్ళ జీవితాలు చదివితే మనుషులు బాగుపడతారన్న నమ్మకం. తెలుగులో ఇట్లాంటి పుస్తకాలు తక్కువగా ఉన్న రోజుల్లో ముందు లింకన్‌ను అచ్చేయాలనుకోవడాన్ని నేను తప్పుపట్టను. చిన్నప్పుడు స్కూల్లో ఈ కథ చెప్పినప్పుడు గర్వంగా ఉండేది, ఇప్పటికీ ఉంది. కాకపోతే పుస్తకం అనగానే అందులో ఒక ఆదర్శపురుషుణ్ణి వెతుక్కునే అలవాటు నాకు అక్కడినుంచే వచ్చి ఉంటుంది. డేవిడ్‌కు రెండు చుక్కలిచ్చినవాడు ఆ అలవాటుతోనే ఇచ్చాడు. లింకన్ జీవితం చదువుతూ నేనెప్పుడూ తల దించుకోలేదు.

పండగ అయిపోయి తిరిగి వచ్చాక స్నేహితుణ్ణి కలిశాను. కూకట్‌పల్లిలో ఒక గది తీసుకుని ఒక్కడే ఉంటున్నాడు. విడాకుల కాగితాలు నడుస్తున్నాయి. భార్య అన్న ఫోను సంగతి చెప్పాను. "తెల్సని చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. మంచిదేనన్నాడు. హాస్టల్ సంగతి నేను ఎత్తబోతే, "చాయ్ తాగుతవా?" అని లేచాడు. అంటే ఇంకా కాదని అర్థం. అడిగే హక్కు నాకు లేదు కాబట్టి తాగాను.

వచ్చేటప్పుడు నా 'జొవానీస్ రూమ్' కాపీ అక్కడ పెట్టి వచ్చాను. ఇయ్యాలా వద్దా అని చాలా ఆలోచించాను. చివర్లో ఉన్నది మామూలు చావు కాదు మరి. వాడికి ఇంగ్లీషు నవలలు చదివే అలవాటు లేదు, రోజుకు రెండు మూడు పేజీలు. వారం తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"ఆ పిలగాడు, జోయీ, మల్ల వస్తడా రా ముందట?"

రాడని చెప్పాను.